పెళ్లి క్యాసెట్ తోకలో పాత దూరదర్శన్: ఎలా వెతకాలి, ఎలా ఎక్కించుకోవాలి

హన్మకొండలో మా పెద్దమ్మ వాళ్లు ఇల్లు సున్నం వేయిస్తుంటే సజ్జ మీది నుంచి ఒక బియ్యం సంచి దిగింది. విప్పి చూస్తే పదకొండు వీహెచ్‌ఎస్ క్యాసెట్లు. "పాత సామాన్లోనికి ఏద్దామనుకుంటున్న బిడ్డా, నీకేమన్న పనికొస్తయా?" అంది. అన్నిటి మీదా బాల్ పెన్నుతో రాసిన చీటీలే: అక్క పెళ్లి 1, అక్క పెళ్లి 2, చిన్నోని పుట్టువెంట్రుకలు. రెండో క్యాసెట్లో అప్పగింతలు నలభై నిమిషాలకే అయిపోయాయి. తర్వాత ఐదు నిమిషాలకు పైగా తెరంతా చుక్కలే. ఆపేద్దామని చెయ్యి చాచేలోపు చటుక్కున బొమ్మ మారింది. దూరదర్శన్ వార్తల చివరి ముక్క, ఒక ఎరువుల ప్రకటన, ఆ వెంటనే ఒగ్గుకథ. ఇరవై రెండు నిమిషాలు నడిచి, కథకుడు చెయ్యెత్తి వరుస అందుకోబోతుండగా తెగిపోయింది. ఆ రోజు ఎవరో లేచి బటన్ నొక్కారన్నమాట.

మూడు గంటల క్యాసెట్ కొని నలభై నిమిషాలు వాడి వదిలేసే ఇల్లు ఆ రోజుల్లో లేదు. మిగిలిన రీల్లో ఏదో ఒకటి టీవీలోంచి ఎక్కించేవాళ్లు. మీరు వెతకాల్సింది ఆ తోకనే. పాత టీవీ కార్యక్రమాల విషయంలో నేను నమ్మేది ఒక్కటే: స్టేషన్లో ఉందో లేదో తర్వాత చూసుకోవచ్చు, ముందు మీ సజ్జ చూడండి.

స్టేషన్ వాళ్ల దగ్గర ఉండదా?

ఉంటే మంచిదే. కానీ ఒకప్పుడు టేపు ఖరీదైన సరుకు. ఒక కార్యక్రమం ప్రసారమయ్యాక అదే టేపు మీద ఇంకోటి తీయడం ప్రపంచమంతా చేసిన పనే. బ్రిటన్‌లో బీబీసీ 1960లు, 70లలో ఇలాగే ఎన్నో తుడిపేసింది. 'డాక్టర్ హూ' అనే వాళ్ల సీరియల్‌లో అలా పోయిన తొమ్మిది ఎపిసోడ్ల ఫిల్ములు 2013లో ఎక్కడో నైజీరియాలో బయటపడ్డాయి. ఆ దేశపు టీవీకి ఎప్పుడో అమ్మిన ప్రతులు అవి. బొమ్మ పోయిన ఎపిసోడ్లకు కూడా మాట మిగిలింది, ఎందుకంటే కొందరు ప్రేక్షకులు ఇంట్లో టేప్‌రికార్డర్ పెట్టి ధ్వని పట్టుకున్నారు. అమెరికాలో మారియన్ స్టోక్స్ అనే ఆవిడ దశాబ్దాల పాటు టీవీ వార్తలు రికార్డు చేస్తూనే పోయింది. 2012లో ఆమె పోయేనాటికి ఆమె దగ్గర డెబ్బై వేల దాకా టేపులు. నాసా వాళ్లంతటి వాళ్లే చంద్రుడి మీద తొలి అడుగుకు సంబంధించిన అసలు టేపుల్ని తుడిచి మళ్లీ వాడుకున్నారు. ఆ దృశ్యాల్ని 2009లో టీవీలో ప్రసారమైన ప్రతుల నుంచి బాగుచేసుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. తెలుగు వార్తలు 1983 నుంచి. తొలి న్యూస్‌రీడర్ శాంతిస్వరూప్ గారు టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో వార్తలు బట్టీపట్టి చెప్పేవారు. అలా అప్పటికప్పుడు చెప్పిన వార్తలు, చెప్పగానే గాలిలో కలిసిపోయేవి. ఎవరో ఒకరు ఇంట్లో పట్టుకుని ఉంటే తప్ప.

వెతుకులాట

మీ ఇల్లు అయ్యాక చుట్టాల ఇళ్లు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ వైపు గల్ఫ్ వెళ్లొచ్చిన కుటుంబాలను తప్పకుండా అడగండి. ఊరందరికంటే ముందు వీసీఆర్ వచ్చింది వాళ్లింటికే. క్యాసెట్లు దొరక్కపోయినా పనిచేసే వీసీఆర్ దొరకొచ్చు, అదీ తక్కువేం కాదు. ఇంకా పాత ఫొటో స్టూడియోలు, మూతపడ్డ వీడియో లైబ్రరీలు, ఒకప్పటి కేబుల్ ఆపరేటర్లు. బతుకమ్మ, మేడారం జాతర, ఊరి నాటకం వంటివి కేబుల్ వాళ్లు తీసి వాళ్ల చానెల్లో వేసుకునేవాళ్లు. వాటికి రెండో ప్రతి ఉండే అవకాశం చాలా తక్కువ, కాబట్టి ముందు వాళ్ల దగ్గరికే వెళ్లండి.

అడిగే తీరు కూడా చెప్తాను. "పాత దూరదర్శన్ ప్రోగ్రాములున్నాయా?" అంటే "లేవు" అంటారు, వాళ్లకు నిజంగానే తెలియదు. "పెళ్లి క్యాసెట్లు ఏమన్నా ఉన్నయా, ఉచితంగ పెన్‌డ్రైవ్‌లో ఏసిస్త" అనండి. సంచి దానంతటదే దిగుతుంది.

ఆడియో క్యాసెట్లు కూడా తీసుకోండి. వీసీఆర్ కొనలేని ఇళ్లలో టీవీ స్పీకరు ముందు టేప్‌రికార్డర్ పెట్టి శుక్రవారం చిత్రలహరి పాటలు పట్టుకున్నవాళ్లు ఎందరో. మధ్యలో కుక్కర్ విజిల్, "మెల్లగ మాట్లాడుర్రి, రికార్డయితాంది" అనే గదమాయింపు కూడా అందులో ఉంటాయి.

వీసీఆర్‌లో పెట్టకముందు

నా మొదటి తప్పు ఇక్కడే. సంచిలోంచి తీసిన క్యాసెట్‌ను అలాగే తోసేశాను. రెండు నిమిషాలకు బొమ్మ మసకబారింది, తర్వాత పూర్తిగా పోయింది. క్యాసెట్ పాడైందనుకుని బయటికి తీసి ఇంకోటి పెట్టాను, అదీ రాలేదు. మూడోది పెట్టాక గానీ తట్టలేదు. మొదటి దాని బూజంతా వీసీఆర్ లోపల టేపును చదివే హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన రెండు మంచి క్యాసెట్లకూ పూసుకుపోయింది. మూడో దాని మీద పడ్డ పొడవాటి గీత ఇప్పటికీ అలాగే ఉంది.

అందుకే ముందు చూపు. క్యాసెట్‌ను వెలుతురుకు పెట్టి, పైన ఉన్న పారదర్శకపు కిటికీలోంచి రీలు చుట్ట చూడండి. నల్లగా, అద్దంలా నున్నగా ఉంటే సరే. చుట్ట అంచున ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తే అది బూజు. క్యాసెట్ పక్కనున్న చిన్న మీట నొక్కితే ముందరి మూత లేస్తుంది, టార్చి వేసి టేపు నలిగిందా, మడతపడిందా చూడండి. బూజున్నవాటిని వేరే పాలిథిన్ సంచిలో కట్టి, వేరే గదిలో పెట్టండి. పీల్చడం ఆరోగ్యానికీ మంచిది కాదు, మాస్కు పెట్టుకోండి. వాటిని మీరు ముట్టుకోకుండా అనుభవం ఉన్నవాళ్లకు ఇవ్వమనే నా సలహా. తప్పదంటే దానికోసం ఒక పనికిరాని వీసీఆర్‌ను కేటాయించండి, మంచి క్యాసెట్‌ను ఇక దాంట్లో ఎప్పుడూ పెట్టొద్దు.

తర్వాత చేయాల్సింది చిన్న పని, కానీ అన్నిటికంటే ముఖ్యం. క్యాసెట్ వెన్ను మీద, ఒక మూలన చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని విరిచేయండి. అది లేకపోతే వీసీఆర్ ఆ క్యాసెట్ మీద రికార్డు చేయదు. ముప్పై ఏళ్లు బతికిన కార్యక్రమాన్ని, పొరపాటున ఎర్ర బటన్ నొక్కి మీ చేతులతో మీరే చెరిపేసుకునే ప్రమాదం తప్పుతుంది. ఆ పలక ఉండాల్సిన చోట ఇప్పటికే గుంట ఉండి, దాని మీద టేపు అంటించి ఉంటే పీకేయండి. ఎవరో ఒకప్పుడు మళ్లీ రికార్డు చేయడానికి అంటించారు.

డబ్బా పగిలినా భయపడొద్దు. అడుగున ఐదు స్క్రూలుంటాయి. ఒక పనికిరాని క్యాసెట్ డబ్బా విప్పి రీళ్లను అందులోకి మార్చుకోవచ్చు. విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీయండి, స్ప్రింగులు ఎక్కడివక్కడ పెట్టాలి. టేపు తెగితే స్ప్లైసింగ్ టేపుతోనే, హెడ్ తాకని వైపు అతికించాలి. ఇంట్లో ఉండే సెల్లోటేపు అస్సలు వద్దు, దాని జిగురు వేడికి కారి హెడ్‌ను పట్టేస్తుంది.

వీసీఆర్ సంగతి

కొత్తవి ఇక రావు. చివరి వరకూ తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. పాతదే కొనాలి, కొన్నాక ఎందుకూ పనికిరాని క్యాసెట్‌తో కనీసం గంట నడిపి చూడాలి. రీలు నమలకుండా బయటికి ఇస్తోందా, రివైండ్ చివరిదాకా వెళ్తోందా చూడండి. లోపలి రబ్బరు బెల్టులు ఏళ్ల తరబడి కదలకుంటే సాగి జిగటగా అవుతాయి. వరంగల్, హన్మకొండలో టీవీ రిపేరు చేసిన పాత మెకానిక్‌లు ఇంకా ఉన్నారు, బోర్డు తీసేసి ఇంట్లోనే చేస్తుంటారు. వాళ్లలో ఒకరిని పట్టుకోండి. వీసీపీ అయినా పర్లేదు. అది ఆడిస్తుందే తప్ప రికార్డు చేయదు, మన పనికి అదే నయం.

హెడ్ శుభ్రం చేయాలంటే చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు వాడొద్దు. దూది పోగు హెడ్‌కు తగులుకుంటే విరిగిపోతుంది. తెల్లని మందపాటి కాగితాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, హెడ్ ఉండే గుండ్రని డ్రమ్ముకు ఆనించి పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్మును మెల్లగా తిప్పండి. కాగితాన్ని పైకీ కిందకీ జరపొద్దు. ప్లగ్గు పీకేసి చేయాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

వానాకాలం ఈ పని పెట్టుకోకపోతే మంచిది. తేమ డ్రమ్ము మీద పేరుకుంటే టేపు అతుక్కుపోతుంది. పెట్టుకున్నా క్యాసెట్లను అదే గదిలో ఒక రోజంతా ఉంచి, తర్వాత నడపండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించడం

క్యాసెట్‌ను ముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్లుగా ఒక్కచోటే బిగుసుకున్న చుట్ట సర్దుకుంటుంది. టేపు మరీ నీరసంగా కనిపిస్తే ఇది కూడా వద్దు, నేరుగా ఆడిస్తూ రికార్డు చేసుకోండి. రెండోసారి ఆడుతుందన్న హామీ లేదు.

వీసీఆర్ వెనక పసుపు పిన్ను బొమ్మకు, తెలుపు ఎరుపు ధ్వనికి. వీటిని, వీడియోను కంప్యూటర్‌లోకి పంపే యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బాకు కలపాలి. బజారులో దొరికే చవక రకంతో మొదలుపెట్టొచ్చు, కానీ వాటిలో కొన్ని పాత టేపు వణికితే ఫ్రేములు వదిలేస్తాయి. మాటకూ పెదవుల కదలికకూ పొంతన కుదరకపోతే అదే కారణం కావచ్చు. బొమ్మ పైభాగం జెండాలా ఒక పక్కకు వంగుతుంటే మధ్యలో పాత డీవీడీ రికార్డర్‌ను పెట్టి దానిగుండా పంపి చూడండి. కొన్ని మోడళ్లు ఆ వంపును సరిచేస్తాయి.

అమరికలు: మన దేశపు టీవీది పాల్ (PAL) పద్ధతి. 720 × 576, సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్ (ఒక్కో ఫ్రేము గీత విడిచి గీతగా రెండు సగాలుగా వచ్చేది). ధ్వని 48 కిలోహెర్ట్జ్. సాఫ్ట్‌వేర్ మీకోసం "మెరుగుపరుస్తాను" అంటే ఒప్పుకోవద్దు. హెచ్‌డీకి పెంచడం, అంచులు కోయడం, 16:9కి సాగదీయడం ఏదీ వద్దు. అవన్నీ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. అసలు ఫైలును ఉన్నదున్నట్టే ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే నష్టం లేని పద్ధతిలో ఎంకేవీగా దాచండి. గంటకు సుమారు 30 జీబీ దాకా పోతుంది. చూడడానికి, వాట్సాప్‌లో పంపడానికి వేరే చిన్న ఎంపీ4 చేసుకోండి.

క్యాసెట్ మొదటి నుంచి చివరి దాకా ఆడనివ్వండి. తెర ఖాళీ అయినా ఆపొద్దు. మా పెద్దమ్మ క్యాసెట్‌లో చుక్కలు ఐదు నిమిషాలకు పైగా నడిచాకే ఒగ్గుకథ వచ్చింది. మూడు గంటల క్యాసెట్ అంటే మూడు గంటలు పక్కనే ఉండాలి. లాంగ్ ప్లేలో, అంటే రీలును సగం వేగంతో నడిపి, ఎక్కించి ఉంటే ఆరు గంటలు.

ఇంతకంటే ముందు ఒక షాపులో రెండు క్యాసెట్లు ఇచ్చి చూశాను. తిరిగిచ్చిన పెన్‌డ్రైవ్‌లో మనుషులందరూ పొట్టిగా, లావుగా ఉన్నారు, పాత 4:3 బొమ్మను వెడల్పు టీవీకి సాగదీశారు. అదీ సరేననుకుంటే, మధ్యలో ప్రకటనలన్నీ కోసేశారు. "వేస్ట్ కదా సార్, క్లీన్ చేసి ఇచ్చినం" అన్నాడు కుర్రాడు, మంచి మనసుతోనే. నాకు కావాల్సింది ఆ వేస్టే. మీరు బయట చేయించినా సరే, "ఏదీ కోయొద్దు, సాగదీయొద్దు" అని రాసిచ్చి మరీ చేయించండి.

బొమ్మలో తప్పు ఎవరిది?

ఎక్కించాక బొమ్మ చూసి నిరాశపడతారు. కొంచెం ఆగండి. ఏ మచ్చ ఎక్కడిదో తెలిస్తే సగం పని తగ్గుతుంది.

మనిషి పక్కన మనిషి నీడలా ఇంకో మసక బొమ్మ ఉంటే అది క్యాసెట్ తప్పు కాదు, ఆనాటి యాంటెన్నాది. హైదరాబాద్ మనకు నూటనలభై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి బొమ్మ కోసం డాబా మీద ఒకరు పైపు తిప్పుతుంటే కింద నుంచి ఇంకొకరు "ఆఁ... గట్లనే ఉంచు... అయ్యో పాయె!" అని అరవడం గుర్తుందా? ఆ నీడ అప్పుడే రికార్డయింది, ఏ వీసీఆర్ మార్చినా పోదు. మెదిలే చుక్కలు తెరంతా సమానంగా ఉన్నా అంతే. అదే తెల్లని చిన్న గీతలు అడ్డంగా తళుక్కుమంటుంటే టేపు పొర రాలిందని. బొమ్మ అడుగున చిరిగినట్టు సన్నని పట్టీ ఎప్పుడూ ఉంటుంది, పాత టీవీల్లో అది చట్రం వెనక దాగేది, దాన్ని పట్టించుకోవద్దు. బొమ్మ మీద చుక్కల పట్టీ పైకీ కిందకీ పాకుతుంటే వీసీఆర్ మీదున్న ట్రాకింగ్ తిప్పండి, చాలామటుకు అదే సర్దుకుంటుంది.

ఏ రోజుదో పట్టడం

చీటీ మీద "అక్క పెళ్లి" అని ఉన్నప్పుడు టీవీ ముక్క తేదీ ఎలా తెలుస్తుంది? పెళ్లి తేదీ కంటే ముందుది కాకపోవచ్చు, కానీ ఆ ఒక్కటే నమ్మొద్దు. టీవీ కార్యక్రమం ముందే రికార్డయి ఉండి పెళ్లి తర్వాత దాని మీద ఎక్కి ఉండొచ్చు, అప్పుడు తోకలో మిగిలింది పాతది అవుతుంది.

వార్తలుంటే పండగే. ఎన్నికలు, బడ్జెట్, తుపాను, క్రికెట్ స్కోరు ఏది వినబడినా ఆ కాలపు దినపత్రిక తిరగేస్తే రోజు దొరుకుతుంది. పాత సంచికలున్న గ్రంథాలయానికి వెళ్లండి. అందులో టీవీ కార్యక్రమాల పట్టిక కూడా ఉంటుంది, ఒగ్గుకథ ఏ గంటకు వేశారో అక్కడే సరిచూసుకోవచ్చు. సినిమా ప్రకటన ఉంటే విడుదల తేదీ ఆధారం. సబ్బు ప్రకటనలో ధర కూడా ఆధారమే. షాపువాళ్లు కోసేసిన "వేస్ట్" కావాలన్నది ఇందుకే.

మనుషుల్ని గుర్తుపట్టడానికి ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టండి. మా పెద్దమ్మ కథకుణ్ని గుర్తుపట్టలేదు గానీ డోలు కొట్టే మనిషిని చూసి "ఈయన మనూరి జాతరకు వచ్చేటోడే" అంది. ఆమె మాటను కూడా ఫోన్‌లో రికార్డు చేసి అదే ఫోల్డర్‌లో వేశాను. చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటి పెద్ద ఒగ్గు కథకుల పేర్లు అందరికీ తెలుసు. వాళ్ల వెనక తాళం వేసినవాళ్ల పేర్లు చెప్పగలిగింది ఇలాంటి పెద్దమ్మలే.

ఫైలు పేరులో తెలిసింది మాత్రమే రాయండి. ఏడాది ఖాయం కాకపోతే "1990ల మొదట్లో, అంచనా" అని రాయండి. పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు: ఏ నిమిషం దగ్గర ఏముంది, క్యాసెట్ ఎవరింటిది, మీరు ఎప్పుడు ఎక్కించారు. మూడు ప్రతులు చేయండి, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, మూడోది ఇంకో ఊళ్లో చుట్టాలింట్లో. పెన్‌డ్రైవ్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

ఎవరికి ఇవ్వాలి, ఎవరిని అడగాలి

దొరికింది మీ సొత్తు కాదు, క్యాసెట్ మాత్రమే మీది. మన కాపీరైట్ చట్టంలో ప్రసార సంస్థకు తన ప్రసారం మీద 25 ఏళ్ల హక్కు ఉంది. సీరియల్, సినిమా వంటి వాటి మీద నిర్మాతకు 60 ఏళ్లు. అందులోని పాట, రచన హక్కులు మళ్లీ వేరు. ఇంట్లో చూసుకోవడం ఒకటి, అందరికీ కనిపించేలా పెట్టడం ఇంకొకటి. పెళ్లి భాగాన్ని వేరుచేసి ఇంటివాళ్లకే ఇవ్వండి, వాళ్ల అనుమతి లేకుండా ఎవరికీ చూపొద్దు.

టీవీ ముక్క సంగతి దూరదర్శన్‌ను నడిపే ప్రసారభారతికి ఉత్తరం రాయండి. వాళ్లకు ఆర్కైవ్స్ విభాగం ఉంది. తెలంగాణకు ఇప్పుడు దూరదర్శన్ యాదగిరి చానెల్. "మా దగ్గర ఇది ఉంది, మీ దగ్గర ఉందా?" అని నేరుగా అడగండి, ఒక నిమిషం నమూనా జతచేయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు, పది రూపాయల రుసుము, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "ఫలానా కార్యక్రమం టేపు మీ భాండాగారంలో ఉందా, ఉంటే ఏ రూపంలో ఉంది?" అని ఒక్క కార్యక్రమం గురించి, స్పష్టంగా అడగండి. "మీ దగ్గరున్న పాతవన్నీ చెప్పండి" అంటే తప్పించుకునే జవాబే వస్తుంది.

ఇవ్వాల్సి వస్తే ఫైలు ఇవ్వండి. క్యాసెట్ ఇచ్చేటప్పుడు సంతకంతో రసీదు తీసుకోండి.

ఎక్కించాక క్యాసెట్‌ను పారేయొద్దు. రేపు ఇంతకంటే మంచి యంత్రంతో మళ్లీ తీయాల్సి రావచ్చు. ఒక చివరిదాకా రివైండ్ చేసి, పుస్తకంలా నిలబెట్టి, స్పీకర్లకు దూరంగా పెట్టండి. మేడ మీది రేకుల గది మాత్రం వద్దు, మన మే నెల ఎండకు అది పొయ్యి. కింది గదిలో బీరువా, బయటి గోడకు ఆనని అర చాలు. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు పక్కన పడేయండి. మా పెద్దమ్మ సంచిని మళ్లీ సజ్జ మీదికే ఎక్కించబోయింది, నేనే అడ్డుపడి ఆమె పట్టుచీరల అరలో చోటు అడిగాను. రెండు రోజులు బతిమాలాక కింది అర ఇచ్చింది, కలరా ఉండలు తీసేయనని షరతు పెట్టి.